శనివారం పారాయణ, పద్దెనిమిది కార్లు

టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఒక సబర్బ్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెబుతున్నాను.

వీళ్లు 2020లో ఇల్లు కొనుక్కున్నారు. రోడ్డు చివర గుండ్రంగా తిరిగే కల్-డీ-సాక్, చుట్టూ ఏడు ఇళ్లు. భర్తది హెచ్1బీ, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నారు. ఆడపడుచు సిటిజన్ కావడంతో అత్తమామలకు గ్రీన్‌కార్డులు వచ్చాయి, వీళ్లతోనే ఉంటున్నారు. మామగారికి బైపాస్ అయినప్పుడు, ఆయన లేచి తిరిగితే 108 శనివారాలు ఇంట్లో విష్ణు సహస్రనామ పారాయణ చేయిస్తానని అత్తగారు మొక్కుకున్నారు. ఆయన లేచి తిరుగుతున్నారు. పారాయణ మొదలైంది. మొదట్లో నాలుగు కుటుంబాలు, ఇప్పుడు పాతిక. వారానికి 50, 60 మంది, పద్దెనిమిది కార్లు. 71 వారాలు అయ్యాయి, 37 మిగిలాయి.

పెరిగిన కొద్దీ కొన్ని వచ్చి చేరాయి. ఎవరో స్పీకరు, మైకు కొనిచ్చారు. తీర్థం గిన్నె పక్కన కానుకలకు ఒక స్టీలు డబ్బా వెలిసింది. ఇంటి అడ్రసుతో, ‘అందరూ ఆహ్వానితులే’ అని ఒక ఫ్లయర్ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఉత్సాహవంతుడైన ఒక కుర్రాడు గూగుల్ మ్యాప్‌లో ఆ ఇంటికి ‘సత్సంగ మందిరం’ అని పిన్ పెట్టాడు. ఇదే అడ్రసు మీద నాన్‌ప్రాఫిట్ రిజిస్టర్ చేద్దామని మాటలు నడుస్తున్నాయి.

రెండు నెలల క్రితం పార్కింగ్ గురించి హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. పదకొండు రోజుల క్రితం సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (ఊరి రూల్స్ అమలు చేసే విభాగం) నుంచి నోటీసు వచ్చింది. నివాస ప్రాంతంలో అనుమతి లేకుండా ప్రార్థనా స్థలం నడుపుతున్నారు, ఆపండి, లేదా స్పెషల్ యూజ్ పర్మిట్‌కు అప్లై చేయండి అని. “మన ఇంట్లో మనం దేవుణ్ని తలుచుకుంటే గవర్నమెంటుకేంటి?” అని అత్తగారు. “రాజ్యాంగంలో మతస్వేచ్ఛ ఉంది, కోర్టులో చూసుకుందాం” అని భర్త. “ఇది హిందువుల మీద కక్ష” అని వాట్సాప్ గ్రూపు. ఎదురింటి పెద్దాయనే ఫిర్యాదు పెట్టాడని అందరికీ నమ్మకం. ఆయన ఒకసారి పారాయణ మధ్యలో తలుపు కొడితే ఎవరో పిల్లాడు “ఇప్పుడు బిజీ” అని తలుపు వేసేశాడట.

“ఆపితే అత్తయ్య మొక్కు, ఆపకపోతే ఈయన గ్రీన్‌కార్డు. ఎవరి మాట వినాలి?” అని అడిగారు. సంతకం కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. “శుక్రవారం రాత్రి పులిహోరకి చింతపండు నానబెడుతుంటే, ఈ నోటీసు వచ్చినందుకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇది తప్పా అండీ?”

అమ్మా,

మీ ఉత్తరం చదివాక నేను ముందు లెక్కపెట్టింది రోజులు. టెక్సస్‌లో జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చన్న ఊరి నిబంధనలు) విషయంలో సిటీ అధికారి తీసుకున్న నిర్ణయం మీద ఊరి బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్‌కు అప్పీలు చేసుకోవాలంటే 20 రోజులే గడువు. కనీసం పదకొండు అయిపోయాయి. అందుకే ఈ ముక్క వరకు మీకు ముందే విడిగా మెయిల్ చేశాను, ఇంకెవరికైనా పనికొస్తుందని ఇక్కడా ఉంచుతున్నాను. నోటీసు కింద అప్పీలు గురించి చిన్నక్షరాల్లో ఏం రాశారో చూడండి. అప్పీలు వేసినంత మాత్రాన సిటీతో యుద్ధం ప్రకటించినట్టు కాదు. అది వేస్తే, ప్రాణాపాయం లాంటిది ఉందని అధికారి రాసిస్తే తప్ప, బోర్డు తేల్చేదాకా సిటీ చర్యలు ఆగుతాయి. మీకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. తర్వాత రాజీ కుదిరితే వెనక్కి తీసుకోవచ్చు. గడువు దాటితే మాత్రం తర్వాత ఏ లాయరు దగ్గరికి వెళ్లినా ఆయన మొదట అడిగేది “అప్పీలు ఎందుకు వేయలేదు?” అనే.

ఈ మాట ఊరికే అనడం లేదు. కనెటికట్‌లో న్యూ మిల్‌ఫోర్డ్ అనే ఊళ్లో మీలాగే కల్-డీ-సాక్‌లో ఉండే ఒక క్రైస్తవ కుటుంబం ఆదివారాలు ఇంట్లో ప్రార్థన కూటం పెట్టేది. కుటుంబ సభ్యులు కాని 25 మంది, ఆ పైన క్రమం తప్పకుండా చేరితే కుదరదని ఊరి జోనింగ్ అధికారి ఆర్డరిచ్చారు. వాళ్లు అప్పీలు బోర్డుకు వెళ్లకుండా నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. కింది కోర్టులో గెలిచారు కూడా. 2005లో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టేసింది. ముందు మీ ఊరి బోర్డును అడగాల్సింది, అక్కడ తేలకుండా ఇక్కడికి రావడం తొందరపాటు అంది. ఇన్నేళ్ల తిరుగుడూ అయ్యాక మళ్లీ మొదటికి. “కోర్టులో చూసుకుందాం” అంటున్న మీవారికి ఈ ఒక్క కథ భోజనాల దగ్గర చెప్పండి.

అలాగని ఆయన అన్నది తప్పని కాదు. మీ పక్షాన ఉన్న చట్టం గట్టిదే. 2000లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. రిలీజియస్ లాండ్ యూజ్ అండ్ ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ పర్సన్స్ యాక్ట్ అని కొండవీటి చాంతాడంత పేరు, లాయర్లు ‘ఆర్‌లూపా’ అంటారు. రెండు సభల్లోనూ ఎవరూ కాదనకుండా పాసైంది. జోనింగ్ పేరు చెప్పి ఏ ఊరూ భక్తి మీద మోయలేని భారం పెట్టకూడదు, పెడితే అంత గట్టి అవసరం ఉందని ఊరే నిరూపించుకోవాలి. ఒక మతానికి ఒక రూలు, ఇంకో మతానికి ఇంకో రూలు ఉండకూడదు. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది, మతం కాని కూటాలకు ఇచ్చే వెసులుబాటు మతపరమైన కూటానికీ ఇవ్వాలి అన్న భాగం.

ఆ చివరి ముక్క మీదే ఫ్లోరిడాలో ఒక యూదు రబ్బీ గెలిచారు. ఓర్లాండో దగ్గర ఆరెంజ్ కౌంటీలో ఆయన ఇంట్లో ప్రార్థనలు జరుగుతుంటే కౌంటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్లు జరిమానా వేశారు. 2005లో పదకొండో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు కౌంటీని అడిగినదాని సారం ఇది: ఇంతే మంది, ఇంతే తరచుగా, దేవుడి ఊసు లేకుండా కలుసుకుంటే మీరు పట్టించుకోరు కదా, మరి దేవుడి మాట వచ్చేసరికి అది ప్రార్థనా మందిరం ఎలా అయింది? కాలిఫోర్నియాలో శాన్ వాన్ కాపిస్ట్రానోలో బైబిలు చదువుకునే ఒక జంటకు 300 డాలర్ల ఫైన్ వేసి, 2011లో గొడవ దేశమంతా పాకాక ఆ ఊరు డబ్బు వెనక్కి ఇచ్చేసింది.

ఇక్కడ మీ వాట్సాప్ గ్రూపుకు ఒక మాట. నేను పైన చెప్పిన మూడు కేసుల్లో నోటీసులందుకున్న వాళ్లెవరూ హిందువులు కారు. రెండు క్రైస్తవ కుటుంబాలు, ఒక యూదు రబ్బీ. మీ నోటీసు వెనక కక్ష లేదని నేను హామీ ఇవ్వలేను. ఎవరైనా మీ మతం గురించి మాట తూలితే తారీఖుతో సహా రాసి పెట్టుకోండి, అది రేపు సాక్ష్యం. కానీ ఉందని ముందే తేల్చేసుకుని సిటీ ఆఫీసు మెట్లెక్కితే, పార్కింగ్ గురించి మాట్లాడాలనుకున్న అధికారి కూడా నోరు మూసుకుని సిటీ అటార్నీకి ఫైల్ పంపిస్తారు.

ఇప్పుడు మీకు నచ్చని భాగానికి వస్తాను.

ఇల్లు ఎక్కడ ఆగుతుంది, గుడి ఎక్కడ మొదలవుతుంది? చాలా ఊళ్ల కోడ్ పుస్తకాల్లో దీనికి గీత లేదు. ఇన్ని తలలు దాటితే గుడి అని అంకె ఉండదు. కాబట్టి అధికారి అయినా, బోర్డయినా, జడ్జీ అయినా చుట్టూ ఉన్న గుర్తులు చూస్తారు. వచ్చేవాళ్లు మీకు తెలిసినవాళ్లా, ఎవరైనా రావచ్చా? డబ్బు వసూలు ఉందా? ఇంటి ముందు పేరు రాసిన బోర్డుందా? కార్లెన్ని, చప్పుడెంత? మీ ఇంటిని ఈ కళ్లతో చూడండి. అడ్రసుతో ఫ్లయర్, అందరూ ఆహ్వానితులే. కానుకల డబ్బా. మ్యాపులో ‘మందిరం’ అని పిన్. రేపో మాపో ఆ అడ్రసు మీద నాన్‌ప్రాఫిట్. ఇవన్నీ పెట్టుకుని “ఇది మా ఇల్లండీ, మా అత్తగారి మొక్కు” అంటే నమ్మించడం కష్టం. మీ దేవుడి గది మిమ్మల్ని ఇరికించలేదు. ఆ గూగుల్ పిన్ ఇరికించింది. నోటీసు రాసినాయన మీ ఇంట్లోకి రాలేదు కదా, ఆయన చూసింది ఏమిటనుకుంటున్నారు?

మీ అత్తగారి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇంట్లో దేవుణ్ని తలుచుకుంటే గవర్నమెంటుకు పనిలేదు. ఆవిడన్నది అక్షరాలా నిజం, చట్టమూ అదే అంటుంది. కానీ పద్దెనిమిది కార్లు ఇంట్లో లేవు, రోడ్డు మీదున్నాయి. మన ఊళ్లలో పెళ్లికో సప్తాహానికో వీధికి అడ్డంగా షామియానా వేస్తే ఎవరూ అడగరు, ఆ వీధి మొత్తం భోజనానికి వస్తుంది కనుక. అయినా అక్కడ మాత్రం రూల్ లేదా? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు ఉండకూడదని కేంద్రం రూల్స్ తెచ్చింది కూడా ఆ 2000 సంవత్సరంలోనే. మనం వినలేదు, అంతే.

మా ఊళ్లో గుడి కట్టేటప్పుడు పబ్లిక్ హియరింగ్‌లో వరసగా మూడు సాయంత్రాలు కూర్చున్నాను. మైకు ముందుకొచ్చి మన దేవుళ్ల గురించి మాట్లాడింది ఒక్కరే. మిగతావాళ్లందరూ వాననీరు ఎటు పోతుంది, లైట్లు ఎన్నింటికి ఆపుతారు, ఎడమ మలుపు దగ్గర ట్రాఫిక్ ఏం చేస్తారు అని అడిగారు. మా కమిటీ పెద్దలు ప్రతి ప్రశ్నకూ సనాతన ధర్మం గురించి సమాధానం చెప్పారు. రెండో సాయంత్రానికి నాకే విసుగొచ్చింది. మూడో సాయంత్రం ఒక సివిల్ ఇంజనీరు అమ్మాయి లేచి డ్రైనేజీ బొమ్మ చూపించి పది నిమిషాల్లో ముగించింది.

ఇక మీ ముందున్న దారులు.

పర్మిట్‌కు అప్లై చేయడం. నోటీసులో రాసి ఉంది కాబట్టి ఇదే రాజమార్గంలా కనిపిస్తుంది. నా దృష్టిలో మీకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. అప్లికేషన్ పెట్టిన మరుక్షణం ఇది ఇల్లు కాదు ప్రార్థనా స్థలమని మీరే ఒప్పుకున్నట్టు. జోనింగ్ పర్మిట్ అంటే మామూలుగా హియరింగ్ ఉంటుంది, 200 అడుగుల లోపు ఇళ్లవాళ్లందరికీ ఉత్తరాలు వెళ్తాయి. వాటి వెనకే పార్కింగ్ స్థలాలు, ఎగ్జిట్ తలుపులు, ఫైర్ మార్షల్. చాలా ఊళ్లు పాటించే బిల్డింగ్ కోడ్‌లో జనం గుమిగూడే చోట్లకు 50 అన్న అంకె ఒక గీత. మీ సంఖ్య సరిగ్గా దాని మీద నాట్యమాడుతోంది. అరిజోనాలో ఫీనిక్స్‌లో ఒకాయన ఇంటి వెనక ఆటల గది పేరుతో పెద్ద హాలు కట్టి అందులో ప్రార్థనలు నడిపారు. బిల్డింగ్ కోడ్ ఉల్లంఘనల కింద పడిన 60 రోజుల శిక్షకు 2012లో జైలుకు వెళ్లారు, 12,180 డాలర్ల జరిమానా వేరే. మతస్వేచ్ఛ వాదన ఫైర్ కోడ్ ముందు నిలబడలేదు. మీకు అంతదూరం వెళ్లే ఉద్దేశం లేదు. 37 వారాల మొక్కు కోసం మీ ఇంటిని కాగితాల మీద గుడిగా మార్చుకోనక్కర్లేదు. ఈ బృందం నిజంగా శాశ్వతంగా ఒక చోటు కావాలనుకుంటే అప్పుడు వేరే స్థలం చూసుకుని వాళ్లు అప్లై చేస్తారు, మీ హాలు కాదు.

రెండోది, ఏమీ మార్చకుండా పోరాడటం. గెలవచ్చు కూడా. గెలిస్తే లాయరు ఫీజు ఎదుటిపక్షం నుంచి ఇప్పించే వీలు ఆ చట్టంలో ఉంది. ఫెడరల్ న్యాయశాఖకు ఫిర్యాదు కూడా చేసుకోవచ్చు. కానీ ఏళ్లు పడుతుంది, 37 వారాలు ఈలోగా ఎప్పుడో అయిపోతాయి. మీ అడ్రసు, మీ పేరు, మీ డబ్బా సంగతి అన్నీ కోర్టు కాగితాల్లోకి ఎక్కుతాయి. కేసు గెలిచిన మర్నాడు కూడా ఆ ఏడిళ్ల మధ్యే చెత్తడబ్బా బయట పెట్టుకోవాలి.

మూడోది, మళ్లీ ఇల్లుగా మారడం. ఫ్లయర్ ఆపించడం, పిన్ తీయించడం, డబ్బా ఎత్తేయడం, నాన్‌ప్రాఫిట్ అడ్రసు ఇంకెక్కడైనా పెట్టుకోమనడం, మైకు కట్టేయడం. (హాల్లో అందరూ కలిసి చదివే స్తోత్రానికి మైకు ఎందుకో నాకు మొదటినుంచీ అర్థం కాలేదు.) పిలిచినవాళ్లే వస్తారు, పది పన్నెండు కుటుంబాలు, నాలుగైదు కార్లలో. ఇలా చేశాక కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారికి ఫోన్ చేసి టైమ్ తీసుకుని మీరిద్దరూ వెళ్లి కలవండి. మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఏ సెక్షన్ కింద నోటీసు ఇచ్చారు? ఎంతమంది, ఎన్నిసార్లు అయితే అభ్యంతరం లేదు? ప్రతి ఆదివారం ఫుట్‌బాల్ చూడటానికి ఇరవై మందిని పిలిచే ఇంటికీ ఇదే లెక్కా? మూడోది నవ్వుతూ అడగండి, కానీ అడగండి. ఓర్లాండో రబ్బీ గెలిచింది ఆ ప్రశ్న మీదే. నష్టం కూడా చెబుతాను. మీరు వద్దన్న కుటుంబాల్లో కొందరు అలుగుతారు. ఆ కుర్రాడు పిన్ తీయడానికి వారం తిప్పుతాడు.

నాలుగోది, మూడోదానితో కలిపి చేసుకోదగ్గది, పారాయణను ఇళ్లు తిప్పడం. పాతిక కుటుంబాలున్నాయి. వారానికో ఇల్లు అనుకుంటే 37 వారాల్లో మీ వంతు ఒకటో రెండో సార్లే వస్తుంది. వైకుంఠ ఏకాదశికో, 108 పూర్తయిన రోజుకో అందర్నీ పిలవాలనుకుంటే గుడి హాలో, కమ్యూనిటీ సెంటరో, స్కూలు కెఫెటేరియానో అద్దెకు తీసుకోవచ్చు. బయటి సంఘాలకు గదులిచ్చే ప్రభుత్వ స్కూలు, మతపరమైనదన్న కారణంతో మీకు కాదనకూడదని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. చిక్కు ఒకటే, ‘ఇంట్లో’ అని మొక్కుకున్నారు అత్తగారు.

దీన్ని ఆవిడతో మీవారు కాదు, మీరు మాట్లాడండి. చట్టం పేరెత్తకుండా. సహస్రనామం పుట్టింది గుళ్లోనూ కాదు, ఎవరింట్లోనూ కాదు. భారతంలో అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుకు చెప్పినది. స్థలం మారితే పుణ్యం తగ్గుతుందా అని మీ పురోహితుణ్నే అడగమనండి. సంకల్పం చెప్పేటప్పుడు ఆయన ‘జంబూద్వీపే’ బదులు ‘క్రౌంచద్వీపే’ అంటున్నారు గమనించారా? మనిషి ఎక్కడికెళ్తే అక్కడి పేరు చెప్పుకునే ఏర్పాటు మనవాళ్లు ఎప్పుడో చేసి పెట్టారు. అప్పటికీ ఆవిడ ఇంట్లోనే కావాలంటే దానికీ దారి ఉంది. ప్రతి శనివారం మీ ఇంటి నలుగురూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ దేవుడి ముందు కూర్చుని చదవండి. మొక్కు తీరుతుంది. అటు బృందం తన ఇళ్లలో తను చదువుకుంటుంది. మొక్కులో 60 మంది అన్న మాట లేదు కదా?

ఎదురింటాయన విషయం దగ్గర కొంచెం ఆగాలి. మీ ఉత్తరంలో ఆయన గురించి ఒక వాక్యం ఎక్కడో మధ్యలో దాక్కుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టి, కరెంటు పోయి, మీ గరాజ్‌లో పైపు పగిలితే, వాటర్ మెయిన్ ఎక్కడుంటుందో కూడా తెలియక మీరు బకెట్లు పెట్టుకుని నిలబడ్డప్పుడు, ఆ చలిలో పానా పట్టుకొచ్చి వాల్వు కట్టేసింది ఆయనే అని రాశారు. అదే మనిషి ఆ రోజు తలుపు కొట్టాడు. పిల్లాడు “బిజీ” అన్నాడు. ఆయన ఏం చెప్పడానికి వచ్చాడో మీకు ఇప్పటిదాకా తెలియదు. కారు అడ్డుగా ఉందేమో. మెయిల్‌బాక్స్ ముందు కారుంటే శనివారం మెయిల్ రాదు. ఆ వయసులో మందులు మెయిల్లో వస్తాయేమో. లేదా ఇంకేదో. ఫిర్యాదు ఆయనే పెట్టాడని మీకు ఎవరు చెప్పారు? మిగతా అయిదిళ్లలో ఎవరైనా పెట్టి ఉండొచ్చు. హెచ్‌ఓఏ మేనేజరే సిటీకి చెప్పి ఉండొచ్చు.

మీరూ మామగారూ కలిసి వెళ్లండి. మామగారి కోసమే ఈ పారాయణ అని చెప్పండి. గుండె ఆపరేషన్ అయిన భర్త కోసం ఒకావిడ మొక్కుకుంది అంటే ఏ దేశం మనిషికైనా అర్థమవుతుంది, దాన్ని ఎవరూ ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. ఫిర్యాదు ఊసెత్తకండి, ప్రసాదం డబ్బాతో మొదలుపెట్టకండి. ముందు “ఆ రోజు మీరొచ్చారట, మాట్లాడలేకపోయాం, ఏమిటి విషయం?” అని అడిగి ఊరుకోండి. ఆయన చెప్పింది వినండి. మీ ఫోన్ నంబరిచ్చి రండి. ఆయన మీ ముఖం మీదే తలుపు వేస్తే వేయొచ్చు, ఒకసారి మీవాళ్లూ వేశారు. ఫైర్ హైడ్రెంట్‌కు 15 అడుగుల లోపు, ఎవరి డ్రైవ్‌వే ముందూ కారు పెట్టకూడదన్నది టెక్సస్ చట్టమే. ఎవరొచ్చినా ఈ రెండూ చూసుకోమని చెప్పడానికి ఒక మనిషిని పెట్టండి. మీ మరిదినో, ఆ పిన్ కుర్రాణ్నో.

హెచ్‌ఓఏ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆర్‌లూపా ప్రభుత్వాల మీద పనిచేస్తుంది, హెచ్‌ఓఏ మీద కాదు. అది ఇల్లు కొన్నప్పుడు మీరు సంతకం పెట్టిన ఒప్పందం. మతాన్ని బట్టి వివక్ష చూపితే ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది, కానీ పార్కింగ్ ఉత్తరం వివక్ష కాదు. ఆ ఉత్తరం తీసి మళ్లీ చదవండి. ఫైన్ వేసేముందు వాళ్లు సర్టిఫైడ్ మెయిల్లో నోటీసిచ్చి, సరిదిద్దుకునే అవకాశమిచ్చి, 30 రోజుల్లోగా అడిగితే హియరింగ్ ఇవ్వాలి. మీరు పట్టించుకోకుండా వదిలేసిన ఆ కాగితానికి ఇంకా టైమ్ ఉందేమో చూసుకుని ఒక మర్యాదైన జవాబు రాయండి.

గ్రీన్‌కార్డు భయం గురించి. మీకు వచ్చింది నోటీసు, ఇంకా సైటేషన్ (నేరం మోపి కోర్టుకు రమ్మనే కాగితం) కాదు. ఈ తేడా ముఖ్యం. సైటేషన్ దాకా వెళ్తే టెక్సస్‌లో అది క్లాస్ సీ మిస్‌డిమీనర్, అంటే అన్నిటికన్నా చిన్న తరగతి నేరం, మునిసిపల్ కోర్టు విషయం. జోనింగ్ ఉల్లంఘనకు 2,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. చాలామంది చేసే తప్పు, “పోనీలే” అని ఆన్‌లైన్‌లో కట్టేయడం. అలా కట్టడమంటే నేరం మీద వాదించనని ఒప్పుకున్నట్టు, రికార్డులో శిక్షగా నమోదవుతుంది. ఇంకో తప్పు, కోర్టు తారీఖున వెళ్లకపోవడం. దానికి వారంటు వస్తుంది. క్యూలో ఉన్న మనిషికి ఈ రెండూ వద్దు. సైటేషన్ అంటూ వస్తే పైసా కట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. ఇప్పుడే, ఈ దశలోనే, ఒక స్థానిక లాండ్ యూజ్ లాయరుతో గంటసేపు మాట్లాడటానికయ్యే డబ్బు దండగ కాదు. ఆ స్టీలు డబ్బాలో ఉన్నది దానికి మాత్రం వాడకండి. అదెంతుందో లెక్కపెట్టి, ఇచ్చినవాళ్లను అడిగి, గుడికి ఇచ్చేసి రసీదు గ్రూపులో పెట్టండి.

ఇక సంతకం కింద రాసిన రెండు వాక్యాలు.

మూడు పేజీల ఉత్తరంలో సిటీ గురించి ఉంది, అత్తగారి గురించి, ఆయన గురించి ఉంది. మీరెక్కడున్నారా అని వెతికితే చివర్న చింతపండు గిన్నె దగ్గర దొరికారు. 60 మందికి పులిహోర, దద్దోజనం, ఒక తీపి. శుక్రవారం రాత్రి నానబెట్టడం, శనివారం పొద్దున్నే తిరగమోత, సాయంత్రం చెప్పుల గుట్ట సర్దడం, రాత్రి పదింటికి కార్పెట్ మీద అక్షింతలు వ్యాక్యూమ్ చేయడం. 71 వారాలు. ఉద్యోగం కూడా చేస్తున్నారని ఎక్కడో మాటల్లో అన్నారు. హాయిగా అనిపించడం తప్పా అంటే, ఎందుకు తప్పవుతుంది? మీకు దేవుడి మీద కోపం రాలేదు. అలిసిపోయారు. ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయారు, సిటీ వచ్చి చెప్పింది.

కానీ ఇందులో ఒక గమ్మత్తు ఉంది, జాగ్రత్త. నోటీసును అడ్డం పెట్టుకుని ఆపేస్తే, రేపు ఏ లాయరో నోటీసు కొట్టేయిస్తే మళ్లీ చింతపండు నానబెట్టాల్సింది మీరే. పైగా కోడలు మనసులో ఆపాలనే ఉందని అత్తగారికి ఎప్పుడైనా తెలిస్తే, ఆ నొప్పి ఎదురింటాయన ఇచ్చినదానికన్నా ఎక్కువ. ఇళ్లు తిప్పే పద్ధతిలో ఎవరింట్లో పారాయణో వాళ్లే ప్రసాదం చేసుకుంటారు. చిన్న కూటమైతే చిన్న గిన్నె. అదొక్కటే నాకు మూడో దారీ నాలుగో దారీ కలిపి నచ్చడానికి సగం కారణం. మీవారితో ఈ విషయం నోటీసుతో కలపకుండా విడిగా చెప్పండి. ఇది జోనింగ్ కాదు, వంటింటి సంగతి. ఆయనకు 71 వారాల్లో తట్టలేదంటే చెబితే తప్ప తట్టదు.

సోమవారం పొద్దున అధికారికి ఫోన్. గురువారం లోపు అప్పీలు కాగితం. ఆదివారం సాయంత్రం ఎదురింటికి, మామగారితో. ఈ శనివారం ఎంతమంది వచ్చినా, ప్రసాదానికి కాస్ట్‌కోలో రెండు అట్టపెట్టెల అరటిపళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టండి. ఎవరైనా “పులిహోర లేదా వదినా?” అంటే, వచ్చే వారం మీ ఇంట్లో తింటామని చెప్పండి.